రెండో వైపు

ఆ ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు ముందుగదిలోంచి భర్త పిలిచిన పిలుపు ఆమెకు స్పష్టంగానే వినిపించింది.

"రెండో వైపు" అన్నాడతను. కాసేపాగి మళ్ళీ, ఇంకొంచెం గట్టిగా, "రెండో వైపు."

ఆమె పడగ్గదిలో తలుపు వేసుకుని పడుకుని ఉంది. రికార్డు తిరగేసి పెట్టడానికి కూడా నేనే లేచి రావాలన్నమాట, అనుకుంది. ఒళ్ళు మండిపోయింది.

"మీకు చేతుల్లేవా?" అని అరిచి దుప్పటి తల మీదికి లాక్కుంది.

అతను లిఫ్టు మెకానిక్. పదమూడో అంతస్తులో మొరాయించిన లిఫ్టునైనా అరగంటలో దారికి తెస్తాడని పేరు. సొంత ఇంట్లో స్నానాలగది కుళాయి ఆరు వారాలుగా కారుతుంటే మాత్రం దానికి తీరిక దొరకలేదు. ఆ పొద్దున కూడా ఆమె గుర్తు చేసింది. "వాళ్ళు వెళ్ళాక చూస్తాలే" అన్నాడు. వాళ్ళంటే రికార్డుల వాళ్ళు. ఆమె కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. వారానికి ఒక్కటే సెలవు. ఆ ఒక్క ఆదివారమూ, నెలకు రెండుసార్లు, పదకొండేళ్ళుగా, రికార్డుల వాళ్ళ పాలవుతోంది.

వచ్చేది ముగ్గురే. ఒకరు పళ్ళ డాక్టరు. మనిషి మితభాషి, ఏ రికార్డు ఎవరు ఎప్పుడు తెచ్చారో తేదీతో సహా పుస్తకంలో రాసుకుంటాడు. రెండోది ఆ వీధికి ఉత్తరాలు తెచ్చే ఆవిడ. అందరూ ఆమెను పోస్టమ్మ అనే పిలుస్తారు. మూడోవాడు రిటైరైన బస్సు కండక్టరు. అతన్ని పిట్ట అంటారు, ఎందుకంటే ఆ రికార్డుల్లో వచ్చే పక్షికూతలన్నీ అచ్చుగుద్దినట్టు కూస్తాడు.

వాళ్ళు వినేది రెండే రకాలు. ఒకటి ఎక్సోటికా. డెబ్భై ఏళ్ళ కిందట, సముద్రం మధ్య దీవులు ఏనాడూ చూడని వాళ్ళు, నాలుగ్గోడల మధ్య కూర్చుని ఆ దీవుల్ని ఊహించుకుని వాయించిన సంగీతం. లోహపు రేకుల మీద సుతారంగా కొట్టే దెబ్బలు, చిన్న డోళ్ళు, శంఖాలు, మధ్యమధ్య పెద్దపెద్ద మగాళ్ళు కోతుల్లా చిలకల్లా వేసే కేకలు. రెండోది ఆర్గన్ జాజ్, హార్మోనియంలాంటి మెట్లున్న పెద్ద వాద్యం మీద వాయించేది. చేతులతో పాటా, కాళ్ళతో కిందిస్వరాలూ వాయిస్తుంటే, తిరిగే స్పీకరులోంచి ఆ ధ్వని వణుకుతూ వచ్చి కుర్చీ కిందినుంచి పాకుతుంది. తలా రెండు రికార్డులు తెస్తారు, ఒకటి ఇది, ఒకటి అది. తెచ్చినవాళ్ళు రెండు ముక్కలు చెబుతారు. వినేటప్పుడు ఎవరూ నోరెత్తకూడదు. ఆమె ఆ మొత్తాన్నీ కలిపి "కోతుల కచేరీ" అనేది.

ఆ ఆదివారం పోస్టమ్మ ఒక వింత రికార్డు తెచ్చింది. దీవుల పాటల్నే ఆర్గన్ మీద వాయించిన రికార్డు అది. మూడేళ్ళు వెతికితే దొరికిందట. మొదటి వైపు వినేసరికి ఒంటిగంట అయింది. ఎవరి పనులు వాళ్ళకున్నాయి. "అన్నయ్యా, రెండో వైపు నువ్వు ముందు విను. వచ్చేసారి అందరం కలిసి విందాం" అని రికార్డు వదిలేసి వెళ్ళింది.

పడగ్గదిలోంచి ఆమె ఆ కేక వేశాక ఇంకేమీ వినిపించలేదు. సూది చివరి గాడిలో పడి తిరుగుతున్న చప్పుడు మాత్రం వచ్చింది. టక్... టక్... టక్. తీయనీ, తనే తీస్తాడు, నేను లేవను, అనుకుంది. ఆ పంతంలోనే నిద్ర పట్టింది. లేచేసరికి ఆరు. టక్, టక్ ఇంకా వస్తూనే ఉంది.

అతను కుర్చీలో కుడివైపు ఒరిగిపోయి ఉన్నాడు. మూతి పక్కకు లాగేసింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమెను చూసి, "రెండో వైపు" అన్నాడు.

ఆసుపత్రికి చేరేసరికి ఏడు దాటింది. డాక్టరమ్మ మొదట అడిగింది ఒకటే: "ఆయన్ని బాగున్నప్పుడు చివరిసారి ఎప్పుడు చూశారు?"

"ఒంటిగంటకు."

"తర్వాత?"

"నిద్రపోయాను. ఏమీ వినలేదు."

"నాలుగున్నర గంటల్లోపు వచ్చుంటే ఒక ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళం" అంది డాక్టరమ్మ. ఆవిడ గొంతులో నింద లేదు. అది ఇంకా భరించలేకపోయింది ఆమె.

మర్నాడు పొద్దున బట్టల కోసం ఇంటికొచ్చింది. రికార్డు ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపింది. దాన్ని కవరులో పెట్టి, బీరువాలో చలికాలపు దుప్పట్ల మడతల మధ్య దూర్చేసింది. ఎందుకు దాచిందో ఆ నిమిషంలో అడిగితే చెప్పలేకపోయేది. అది కంటికి కనిపించకూడదు, అంతే.

నెల తిరక్కుండానే అతన్ని ఇంటికి పంపేశారు. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. నోట్లో మిగిలింది ఆ రెండు మాటలే. మంచినీళ్ళు కావాలన్నా అవే, ఒంటికొచ్చినా అవే, దోమ కుట్టినా అవే. మాటలు నేర్పే అమ్మాయి వారానికి రెండు రోజులు వచ్చేది.

"మెదడులో మాటలుండే చోట దెబ్బ తగిలిందండీ. కొంతమందికి ఇలా ఒక్క మాట మిగిలిపోతుంది. దానికి అర్థం ఉండొచ్చు, లేకపోవచ్చు. కానీ మనం మాట్లాడేదంతా ఆయనకి తెలుస్తుంది. అది మాత్రం మర్చిపోకండి."

"జరిగినవి గుర్తుంటాయా?" అని అడిగింది ఆమె.

"ఉంటాయి. చెప్పలేరు, అంతే."

ఆ రోజు ఆమె వంటింట్లో గిన్నెలు రెండుసార్లు కడిగింది. ఆ పడిపోయే క్షణం గుర్తుండకపోవచ్చులే, అని తనకు తాను చెప్పుకుంది. అప్పుడు స్పృహ ఎక్కడుందనీ. అలా అనుకోకపోతే ఆయన ముందు నిలబడి గ్లాసు అందించడం కూడా ఆమె వల్ల కాదు.

రికార్డుల వాళ్ళు ముగ్గురూ ఆదివారాలు మానలేదు. అతని నోట ఆ మాట విన్న మొదటిరోజే పోస్టమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది.

"అక్కా! ఆయన అడిగేది నా రికార్డే! రెండో వైపు వినమని నేనేగా ఇచ్చాను! ఏదక్కా అది?"

"ఏమో. ఆ రోజు స్ట్రెచర్ వాళ్ళూ అందరూ వచ్చారుగా. ఎక్కడ పోయిందో. విరిగిందేమో."

"ముక్కలైనా ఉండాలి కదా" అన్నాడు పళ్ళ డాక్టరు.

"చెల్లెమ్మని విసిగించకండయ్యా" అన్నాడు పిట్ట. "ఆవిడ మాత్రం ఎన్నని చూసుకుంటుంది పాపం."

పాపం అనే ఆ మాట ఆమెకు వీపు మీద చరిచినట్టు తగిలింది.

సరే, అది లేకపోతే ఉన్నవే వినిపిద్దామన్నారు. అల్మరాలో ఉన్న నాలుగువందల చిల్లర రికార్డుల్నీ వరుసపెట్టి రెండో వైపు వేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆమె కూడా అదే గదిలో కూర్చునేది. పోస్టమ్మ ప్రతి పాటకీ అతని మొహంలోకి చూసేది. "ఇదా అన్నయ్యా? ఇది కాదా?" పిట్ట తన దగ్గరున్న కూతలన్నీ కూసేవాడు. మూడో ఆదివారం ఒక ఆర్గన్ పాట నడుస్తుండగా అతను సన్నగా కూనిరాగం తీశాడు. కిందిస్వరం వెంట, ఎక్కడా తప్పకుండా, పాట చివరిదాకా. నలుగురూ ఊపిరి బిగబట్టి విన్నారు. పళ్ళ డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఆమె మాటలు నేర్పే అమ్మాయికి ఫోన్ చేసి చెప్పింది. ఆ అమ్మాయి వచ్చి అదే పాట వేసి, ఆ రాగంలోనే "నీ-ళ్ళు" అనిపించాలని గంటసేపు తంటాలు పడింది. అతను చెమటలు కక్కుతూ, మెడనరాలు ఉబ్బిపోయేలా ప్రయత్నించాడు. వచ్చింది "రెండో వైపు". ఎడమచేత్తో పక్కనున్న టిఫిను పళ్ళెం తోసి పారేశాడు.

ఆమెకు రోజూ ఒకటే ఆలోచన. బీరువా తెరవాలి. తెరిచి ఆ రికార్డు వేస్తే ఏమవుతుందో. ఒకవేళ నిజంగానే ఆయన అడుగుతున్నది అదేనేమో, అది వింటే నోరు తెరుచుకుంటుందేమో. తెరుచుకుంటే మొదట ఏం చెబుతాడు? ఈ ప్రశ్న దగ్గర చెయ్యి ఆగిపోయేది. ఆయనకు మాట రావాలని మొక్కని క్షణం లేదు, రాకుండా ఉంటే బాగుండునని అనిపించని రోజూ లేదు. అలా అనిపించినప్పుడల్లా స్నానాలగదిలోకి వెళ్ళి నోట్లో తువ్వాలు కుక్కుకునేది.

ఇది ఇలా ఉండగా పోస్టమ్మ ఊరికే కూర్చోలేదు. ఇలాంటి రికార్డులు వినేవాళ్ళు లోకంలో ఎక్కడో ఒకరూ ఎక్కడో ఒకరూ ఉంటారు, ఒకరినొకరు ఉత్తరాల్లో, కంప్యూటర్లలో పలకరించుకుంటూ ఉంటారు. వాళ్ళందరికీ రాసింది. మా అన్నయ్య ఒకాయన ఫలానా రికార్డు రెండో వైపు అడుగుతున్నాడు, నోట్లో ఆ మాట తప్ప ఇంకేదీ లేదు, మీలో ఎవరి దగ్గరైనా ఉందా అని.

ఒక గురువారం పొద్దున, ఆమె పనికి బయల్దేరుతుంటే పోస్టమ్మ సైకిలు గేటు ముందు ఆగింది. చేతిలో పలచటి చదరపు పార్శిల్. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, దొరికింది! ఎవరో ఆయన, నాకు మొహం కూడా తెలీదు, తన దగ్గరున్న ఒక్కటే పంపేశాడు. నేనే తెచ్చాను, ఇంకెవరి సంచిలోనూ వెయ్యనివ్వలేదు."

లోపల ఒక ఉత్తరం ఉంది. పోస్టమ్మ అక్కడే నిలబడి చదివి వినిపించింది. "ముప్ఫై ఏళ్ళుగా ఈ రికార్డుల్ని గదిలో ఒక్కణ్ణే కూర్చుని వింటున్నాను. మా ఇంట్లో వాళ్ళకి ఇవంటే నవ్వులాట. మీరు నలుగురు ఒకచోట కూర్చుని వింటారని తెలిసి సంతోషమేసింది. ఆయనకి ఇది వినిపించండి. తిరిగి పంపక్కర్లేదు. నాకు కంఠతా వచ్చు."

"చూశావా అక్కా, లోకంలో ఎలాంటి మనుషులున్నారో" అంది పోస్టమ్మ కళ్ళు ఒత్తుకుంటూ.

ఆమె ఆ రోజు దుకాణంలో మూడు అద్దాలు పగలగొట్టింది. ఇరవై ఏళ్ళలో ఎన్నడూ అలా జరగలేదు. యజమాని ఒంట్లో బాగోలేదా అని అడిగితే, బాగోలేదు అంది.

ఆదివారం ముగ్గురూ వచ్చారు. పోస్టమ్మ కొత్త రికార్డును రెండు చేతులా పట్టుకుని ఉంది. పిట్ట గొంతు సవరించుకున్నాడు. అతన్ని కుర్చీలో దిండ్లు ఆనించి కూర్చోబెట్టారు. పోస్టమ్మ సూది ఎత్తబోతుంటే ఆమె "ఆగు" అంది.

పడగ్గదిలోకి వెళ్ళి బీరువా తెరిచింది. దుప్పట్ల మధ్యనుంచి రికార్డు తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. కూర్చుంటే మాట రాదని నిలబడే చెప్పింది.

"ఇది విరగలేదు. నేనే దాచాను. ఆయన ఆ రోజు నన్ను పిలిచారు. రెండు గంటలకి. రెండో వైపు, రెండో వైపు అని రెండుసార్లు. రికార్డు తిప్పమంటున్నారనుకున్నాను. మీకు చేతుల్లేవా అన్నాను. లేచి రాలేదు. సూది కొట్టుకుంటున్న చప్పుడు వింటూనే పడుకున్నాను. ఆరింటిదాకా రాలేదు. డాక్టరుతో ఏమీ వినలేదని చెప్పాను."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు.

"నాలుగు గంటలు" అన్నాడు పళ్ళ డాక్టరు మెల్లగా. తన పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

పోస్టమ్మ బల్ల మీది రికార్డు తీసి, కవరులోంచి జారనిచ్చి, వెలుతురుకు పట్టి రెండు వైపులా చూసింది. గీతలేమీ లేవు. "నేను ఆ ఊళ్ళకీ ఈ ఊళ్ళకీ ఉత్తరాలు రాస్తుంటే చూస్తూ ఊరుకున్నావు" అంది. అక్కా అనలేదు.

ఆమె అప్పటికి భర్త వైపు తిరిగే ధైర్యం చేసింది. అతను ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం ఉంటుందనుకుంది, ఏడుపు ఉంటుందనుకుంది. ఆశ్చర్యం అనేది లేదు. ఒక్క పిసరు కూడా లేదు. అప్పుడు అర్థమైంది ఆమెకు. ఆయనకి అన్నీ తెలుసు. ఆ కేక విన్నాడు. కుర్చీలో ఒరిగి నాలుగు గంటలు పడగ్గది తలుపు చూస్తూ ఉన్నాడు. ఈ మూడు నెలలూ ఆమె చేతి ముద్ద తింటూ, ఆమె అబద్ధాలు వింటూ ఉన్నాడు. ఆమె దాచింది మిగతా ముగ్గురి దగ్గరే.

"రెండో వైపు" అన్నాడతను, పోస్టమ్మతో.

పోస్టమ్మ ముక్కు చీదుకుని, ముఖం తెలియని ఆ మనిషి పంపిన రికార్డే వేసింది. ఇరవై నిమిషాలు. ఆర్గన్ మీద అలలు వచ్చాయి, గాలి వచ్చింది, ఎక్కడో ఒక నకిలీ పిట్ట కూసింది. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. పాట అయిపోయింది. అతని నోరు తెరుచుకోలేదు. ఏ అద్భుతమూ జరగలేదు. పళ్ళ డాక్టరు తలుపు దగ్గర చెప్పులేసుకుంటూ వెనక్కి చూడలేదు.

మర్నాడు పొద్దున ఆమె పాలలో నానబెట్టిన రొట్టె ముక్క నోటిదగ్గర పెట్టింది. అతను మొహం తిప్పుకున్నాడు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తిప్పుకున్నాడు. మధ్యాహ్నం పిట్ట వచ్చి తినిపిస్తే గిన్నె ఖాళీ చేశాడు. సాయంత్రం ఆమె చేత్తో మళ్ళీ లేదు. రెండు రోజులు అలాగే గడిచాయి.

మూడోరోజు ఆమె చెంచా పక్కన పెట్టి అతని కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

"తిట్టండి" అంది. "మీ నోటికొచ్చినట్టు తిట్టండి. ఇలా ఊరుకుంటే నేను బతకలేను."

అతను ఆమె నడినెత్తి వైపు చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"రెండో వైపు" అన్నాడు మొదట నెమ్మదిగా. తర్వాత ఒక్కో అక్షరమూ నొక్కి. తర్వాత గొంతు పెద్దదైంది. "రెండో వైపు! రెండో వైపు! రెండో వైపు!" ఎడమచెయ్యి కుర్చీ పిడి మీద బాదుతూ, ఉమ్ము గడ్డం మీదికి కారుతుంటే, ఊపిరి అందక ఆగి, మళ్ళీ అందుకుని. ఆ రెండు మాటల్లోనే ఆమెను కడిగేశాడు. పడగ్గది తలుపు వైపు వేలు చూపించి అడిగాడు. పడిపోయిన తన చేతిని ఎడమచేత్తో ఎత్తి చూపించి, దాన్ని ఒళ్ళోకి జారవిడిచి అడిగాడు. ఆమె దేనికీ తల దించుకోలేదు. "అవును" అంటూ వచ్చింది. "అవునండీ. విన్నాను. నేనే. అవును." పక్కింటి ముసలమ్మ కంగారుపడి తలుపు కొడితే, "ఏం లేదు పిన్నిగారూ, మాట్లాడుకుంటున్నాం" అని లోపల్నుంచే చెప్పింది.

పావుగంట అయ్యాక అతను అలిసిపోయి తల వెనక్కి వాల్చేశాడు. పెదాలు ఎండిపోయాయి. "రెండో వైపు" అన్నాడు, ఈసారి పొడిగా. ఆమె లేచి నీళ్ళు తెచ్చింది. తాగాడు.

రికార్డు పంపిన ఆ మనిషికి ఆమె ఉత్తరం రాసింది. జరిగింది జరిగినట్టు, తనన్న మాటతో సహా. మీ రికార్డు ఆయన విన్నారు, కానీ దాన్ని ఉంచుకునే అర్హత మాకు లేదు అని, రికార్డును అట్టల మధ్య పెట్టి తిరిగి పంపింది. పోస్టమ్మ ఆ పార్శిల్ తీసుకుని సంచిలో వేసుకుంది. పదిహేను రోజులపాటు ఉత్తరాలు గేటు దగ్గరి డబ్బాలో పడేసి వెళ్ళిపోయేది. పదహారోనాడు గేటు తీసుకుని లోపలికొచ్చి, "అన్నయ్య ఎలా ఉన్నాడు?" అంది. ఆమె సమాధానం చెప్పేలోపే, "నిన్ను చూట్టానికి రాలేదు" అని కూడా అంది. కానీ మంచినీళ్ళు ఇస్తే తాగింది.

పళ్ళ డాక్టరు మళ్ళీ రాలేదు. మనిషిని పంపి తన రికార్డులు తెప్పించుకున్నాడు, పుస్తకంలో చూసి రాసిన చీటీతో. చీటీలో ఒక్క పొరపాటూ లేదు. పంపిన రికార్డు అందిందని ఆ తెలియని మనిషి దగ్గర్నుంచి ఒక్క ముక్కైనా వస్తుందేమోనని ఆమె రోజూ గేటు వైపు చూసేది. పోస్టమ్మ దూరం నుంచే తల అడ్డంగా ఊపేది. చలికాలం వెళ్ళిపోయింది. జవాబు రాలేదు.

మాటలు నేర్పే అమ్మాయి కూడా మానేసింది. ఇక నేర్పడానికేమీ లేదంది, ఏడుపుమొహంతో. అతను మళ్ళీ ఆమె చేత్తో తింటున్నాడు. క్షమించాడా అంటే ఆమెకు తెలీదు, అడిగే ధైర్యమూ లేదు. అడిగినా వచ్చే జవాబు ఏదో తెలుసు.

ఇప్పుడు ఆదివారాలు నలుగురే. రికార్డులు వేసేది ఆమె. సూది దించడం పిట్ట నేర్పించాడు. మొన్నటి ఆదివారం ఒక దీవుల రికార్డు వేసింది. పాట మధ్యలో ఒకతను కోతిలా కిచకిచలాడి, అదే ఊపిరిలో కప్పలా బెకబెకమన్నాడు. ఇంత వయసొచ్చిన మనిషి, సూటూ బూటూ వేసుకుని పొద్దున్నే ఇంట్లోంచి బయల్దేరి, పెళ్ళానికి ఏం చెప్పి వెళ్ళుంటాడో ఈ పనికి, అనిపించింది ఆమెకు. ఫక్కున నవ్వొచ్చింది. నవ్వి, చటుక్కున నోరు మూసుకుని భర్త వైపు చూసింది.

అతను ఆమెనే చూస్తున్నాడు.

"రెండో వైపు" అన్నాడు మెల్లగా.

నీళ్ళు అడిగేటప్పటి గొంతు కాదు. తిట్టేటప్పటిదీ కాదు. ఈ గొంతు ఆమె వినలేదు. లేచి దగ్గరికి వెళ్ళింది.

"దిండు సర్దనా?"

కాదన్నట్టు తల ఊపాడు.

"చప్పుడు ఎక్కువైందా? తగ్గించనా?"

కాదు.

"కాలు తిమ్మిరెక్కిందా? కిటికీ వెయ్యనా? నేను నవ్వాననా?"

అవేవీ కాదన్నట్టు అతను కళ్ళు మూసి తెరిచాడు. మళ్ళీ అదే అన్నాడు, అదే గొంతుతో, ఓపిగ్గా. పోస్టమ్మ వంగి రికార్డు తీసి కవరులో పెట్టింది. పిట్ట ఇంకోటి ఎంచుకోవడానికి అల్మరా ముందు నిలబడి, వెనక్కి తిరగకుండా అలాగే ఉండిపోయాడు. ఆమె అతని మోకాళ్ళ దగ్గర కూర్చుని, ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూనే ఉంది.